పదకొండో నంబరు వైపు చూడొద్దు

ఆ అమ్మాయి అతనితో అన్న మొట్టమొదటి మాట, "అటు చూడకండి."

నిజానికి పాపం అతను చూసిందేమీ లేదు. వాచీలు, గడియారాలు బాగుచేసుకుని బతికే అబ్బాయి. జంతువుల షెల్టర్‌లో గోడ గడియారం ఆగిపోయిందని ఫోన్ వస్తే సంచీ తగిలించుకుని వచ్చాడు. కుర్చీ ఖాళీ లేక పిల్లుల గదిలో నేల మీదే బాసింపట్టు వేసుకుని, గడియారం ఒళ్లో పెట్టుకుని, విప్పిన మరలన్నీ రుమాలు మీద పేర్చుకున్నాడు. గంటసేపు వంగి వంగి మెడ పట్టేసింది. తలెత్తేసరికి ఎదురుగా ఇనప గూట్లో, మడిచిన దుప్పటి వెనక నుంచి, ఒక చెవీ ఒక కన్నూ కనిపించాయి. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఆ గొంతు వినిపించింది.

"నేనేం చేశానండీ?" అన్నాడు.

"ఏమీ చేయకండి. తల దించుకుని మీ పని మీరు చేసుకోండి."

అది తిట్టో బతిమాలడమో అతనికి అర్థం కాలేదు. సరేనని తల దించుకున్నాడు. ఆ అమ్మాయి చేతిలో తిండి గిన్నెతో గుమ్మంలోనే అరగంట స్తంభంలా నిలబడిపోయింది. అరగంట తర్వాత మెల్లిగా వచ్చి, అతనికి నాలుగడుగుల దూరంలో కూర్చుని, గోడతో మాట్లాడుతున్నట్టు సంగతంతా చెప్పింది.

గూటి నంబరు పదకొండు కాబట్టి ఆ పిల్లి పేరూ పదకొండే. అంతకుముందు మూడిళ్లకు వెళ్లింది, మూడు పేర్లు పెట్టించుకుంది, మూడుసార్లూ తిరిగొచ్చింది. మొదటి ఇంట్లో పిల్లలు తోక పట్టుకుని లాగారు. రెండో ఇంట్లో కుక్క తరిమింది. మూడో ఇంటివాళ్లు ఎనిమిదో రోజునే తెచ్చి, ఇంట్లో పిల్లి ఉందో లేదో తెలియనప్పుడు పెంచుకోవడం ఎందుకని వదిలేసి పోయారు. గదిలో మనిషి ఉండగా అది తొంగి చూడటం నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

అతని గుండె ఒక్కసారి ఎగిరింది. ఏ అమ్మాయైనా ఊరికే అడిగే ప్రశ్నా అది? నేనూ మా బామ్మా, కింద షాపు, పైన రెండు గదులు, చెడు అలవాట్లేం లేవండీ అని గడగడా అప్పజెప్పాడు. ఆమె అన్నీ శ్రద్ధగా రాసుకుంది. చివరికి, కిటికీలకు వల ఉందా అని అడిగింది. అప్పుడు గాని వెలగలేదు మన మహానుభావుడికి, ఆ వాకబంతా పిల్లి కోసమని. అయినా పెంచుకుంటాననే అన్నాడు.

పద్ధతి ఏమిటంటే, ఆరు వారాలు చూస్తారు. ప్రతి గురువారం సాయంత్రం అయిదింటికి ఆ అమ్మాయి వచ్చి అరగంట కూర్చుని ఒక కాగితం నింపుతుంది. కాగితం మీద ప్రశ్నలు చాలానే ఉన్నా, లెక్కలోకి వచ్చేది ఆఖరిదొక్కటే: తనంతట తాను మనిషి దగ్గరికి వచ్చిందా? 'వచ్చింది' అని పడితే ఆ రోజుతో రాకలు ఆఖరు, పిల్లి ఆ ఇంటిదే. ఆరో వారానికి కూడా 'లేదు' అనే ఉంటే ఇక వేరే ఇల్లు వెతకరు. ఊరి బయట ధాన్యం గోడౌన్‌లో ఎలకలు పట్టడానికి పంపేస్తారు. అది షెల్టర్ డాక్టరమ్మ మాట, దానికి తిరుగు లేదు.

"అక్కడ తిండికి లోటుండదు. కానీ దానికంటూ ఒక మనిషి ఉండడు," అంది ఆ అమ్మాయి.

ఇక మనిషి పాటించాల్సినవి. పిలవకూడదు. చేయి చాపకూడదు. వీపు తిప్పి కూర్చోవాలి. పొరపాటున కళ్లు కలిస్తే, రెప్పలు నెమ్మదిగా మూసి, తెరిచి, మొహం అవతలికి తిప్పుకోవాలి.

"కళ్లలోకి చూస్తే దాని దృష్టిలో దెబ్బలాటకి వచ్చినట్టు. మొహం తిప్పుకుంటే, నిన్ను నమ్ముతున్నానని చెప్పినట్టు," అంది. అంటున్నంతసేపూ గోడనే చూసింది.

ఆ అమ్మాయి బుట్టలో ఇంటికి తెచ్చి మూత తీయగానే పదకొండు బాణంలా దూసుకుపోయి బామ్మ మంచం కింద, ఇనప పెట్టె వెనక్కి దూరింది. బామ్మ స్వెట్టర్ అల్లుతూ అల్లుతూ కళ్లద్దాల మీంచి చూసింది.

"ఒరేయ్, పిల్లిని తెస్తానన్నావు, ఏదీ?"

"నీ మంచం కిందుంది బామ్మా."

"ఎప్పుడొస్తుంది బయటికి?"

"దానిష్టం."

"అద్దెకున్నవాళ్లు నయంరా, కనీసం గుమ్మంలోనైనా కనిపిస్తారు," అని బామ్మ మళ్లీ అల్లికలో పడిపోయింది.

గురువారం వచ్చింది. ఆ అమ్మాయీ వచ్చింది, చెప్పులు మెట్ల మీదే విడిచి, చప్పుడు కాకుండా. మంచానికి వీపు పెట్టి, గోడకేసి తిరిగి, ఇద్దరూ బారెడు దూరంలో నేల మీద కూర్చున్నారు. ఆ గోడ నిండా గడియారాలే. బాగుచేయించుకుని పట్టుకుపోవడం మరిచిపోయిన వాళ్లవి. అతను వాటన్నిటికీ వారానికోసారి కీ ఇచ్చి, అద్దాలు తళతళలాడేలా తుడిచి పెడతాడు. ఆ టిక్కుటిక్కుల మధ్య ఆమె గోడతో మాట్లాడింది, అతనూ గోడతోనే జవాబులు చెప్పాడు.

టీ అందిస్తుంటే ఒకసారి కళ్లు కలిశాయి. ఆమె నెమ్మదిగా రెప్పలు మూసి, తెరిచి, మొహం అవతలికి తిప్పేసుకుంది.

అతని ప్రాణం ఉసూరుమంది. నేనంత చూడలేని మొహమా అనుకున్నాడు. పోనీ ఇష్టం లేదనుకుందామా అంటే, బామ్మ కోసం వెతికి వెతికి ఆకుపచ్చ ఊలు తెచ్చిందెందుకు? అరగంటకని వచ్చి ముప్పావుగంట కూర్చుందెందుకు? వెళ్లేటప్పుడు మెట్ల మీద ఒక్క క్షణం ఆగిందెందుకు? తేలిగ్గా తెగే లెక్క కాదది. బాగుపడని గడియారాన్ని చూసినట్టు రెండు రోజులు గోడనే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, చూపులు గిట్టని మనిషి వైపు చూడకపోవడమే మర్యాదని తేల్చుకున్నాడు. రెండో గురువారం నుంచి అతనూ తల తిప్పడం మానేశాడు. గోడ మీద పగుళ్లెన్నో చెప్పగలడు గానీ, ఆమె పుట్టుమచ్చ ఏ బుగ్గ మీదుందో మాత్రం చెప్పలేడు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం జోరున వాన పడింది. షాపుకి ఎవరూ రారని పైగదిలో బల్ల ముందు కూర్చుని ఒక చేతి వాచీ శుభ్రం చేస్తున్నాడు. కాలి బొటనవేలికి చల్లగా, తడిగా ఏదో తగిలింది. కదల్లేదు. కాసేపటికి మోకాలి మీద బరువు పడింది. ఆ తర్వాత ఒళ్లో వెచ్చగా అనిపించింది. పట్టకారు గాల్లో పట్టుకుని నలభై నిమిషాలు అలాగే ఉండిపోయాడు. కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయినా, కళ్లు మాత్రం చెమర్చాయి. బామ్మ మంచం మీంచి చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది. మర్నాటికి అది ఎడమ భుజం ఎక్కి కునుకు తీయడం కూడా మొదలుపెట్టింది.

ఆ అమ్మాయికి చెప్పాలని ఫోన్ తీశాడు. నంబరు నొక్కబోతూ ఆగాడు. కాగితం మీద 'వచ్చింది' అని పడిన మరుక్షణం గురువారాలు అయిపోతాయి. ఫోన్ మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"వచ్చిందా?" అని అడిగింది ఆ అమ్మాయి ఆ గురువారం.

"ఇంకా లేదండీ," అన్నాడు గోడకి.

"పర్వాలేదు, తొందరేం లేదు," అని ఆమె కూడా గోడకే చెప్పి, రాసుకుంది. తనను బుట్టలో పెట్టి తెచ్చిన మనిషి కదా, ఆమె ఉన్నంతసేపూ పదకొండు మంచం కింద నుంచి కదల్లేదు. అలా అబద్ధం నిలబడిపోయింది.

ఆమె వెళ్లాక బామ్మ సూదులు పక్కన పెట్టింది. "అబద్ధం ఆడితే ఆడావు, ఆ చొక్కా అయినా దులుపుకోవద్దురా? భుజం నిండా పిల్లి వెంట్రుకలే."

"ఆ అమ్మాయి నా వైపు చూస్తే కదా బామ్మా," అన్నాడు నీరసంగా.

నాలుగో గురువారం, అయిదో గురువారం అలాగే గడిచాయి. తప్పు చేస్తున్నానని అతనికి తెలుసు. ఆరోసారి తప్పకుండా చెప్పేద్దామనుకున్నాడు. అనుకోవడానికేం, నాలుగోసారీ అయిదోసారీ కూడా అలాగే అనుకున్నాడు.

ఆరో గురువారం అయిదింటికి మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి. ముందు డాక్టరమ్మ, చేతిలో బుట్టతో. వెనక ఆ అమ్మాయి, మొహంలో నెత్తురు చుక్క లేకుండా. ఇంకో రెండు వారాలు గడువడిగానండీ, ఒప్పుకోలేదు అని గొణిగింది. అయిదు కాగితాల మీదా 'లేదు' అనే ఉందనీ, గోడౌన్ బండి పొద్దున్నే వస్తుందనీ, పిల్లిని తీసుకెళ్లడానికే వచ్చాననీ డాక్టరమ్మ గబగబా చెప్పేసింది.

అతనికి తన తప్పెంతో అప్పుడు తెలిసింది. పదకొండుకి ఉన్న ఒక్క మనిషినీ తానే కాగితం మీద లేకుండా చేశాడు.

"డాక్టర్ గారూ, ఆ కాగితాలు తప్పండీ. మూడు వారాల్నుంచి అది నా ఒళ్లోనే పడుకుంటోంది. రాలేదని నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకు చెప్పారు?"

అతను గడియారాల గోడకేసి తిరిగాడు. డాక్టరమ్మ ఇలాంటివి ఎన్నో చూసింది. పిల్లిని తీసుకెళ్లే రోజున అందరూ ఇదే మాట అంటారు. ఆవిడ వంగి మంచం కిందికి చూసింది. ఇనప పెట్టె వెనక రెండు కళ్లు మెరిశాయి, బుస్సుమన్న చప్పుడొచ్చింది.

"ఇదేనా మీ ఒళ్లో పడుకునే పిల్లి?" అంది.

"ఆయన చెప్పేది నిజమే డాక్టర్ గారూ," అంది ఆ అమ్మాయి. "నాకు ముందే తెలుసు. ఆయన ఎడమ భుజం మీద వెంట్రుకలు చూశాను. నేల మీద తిరిగే పిల్లివైతే ప్యాంటు అంచుకి అంటుకుంటాయి. భుజం మీదున్నాయంటే అది అక్కడ పడుకున్నట్టే. మూడో వారం పది దాకా ఉన్నాయి. పోయిన వారం లెక్కపెట్టలేకపోయాను."

అతను డాక్టరమ్మనీ మరిచిపోయాడు, బుట్టనీ మరిచిపోయాడు.

"మీరు నా వైపు ఎప్పుడు చూశారు?"

"గడియారం అద్దంలో," అందామె, చాలా చిన్నగా. "అన్ని అద్దాల్లోనూ మీరు కనిపిస్తారు."

డాక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒకసారి అతన్నీ ఒకసారి ఈమెనీ చూసింది. పిల్లి వచ్చినా రాలేదని అతను చెప్పాడట. అది అబద్ధమని తెలిసి కూడా ఈమె రాసిందట. ఎందుకో మాత్రం ఇద్దరూ చెప్పరట. ఇంత తిక్క వ్యవహారం ఇన్నేళ్ల సర్వీసులో చూడలేదని ఆవిడ విసుక్కుంది.

అప్పుడు మూల కుర్చీలో కూర్చున్న బామ్మ అల్లిక ఆపింది.

"డాక్టరమ్మా, ఆ బుట్ట మెట్ల మీద పెట్టి, ఇలా వచ్చి కిటికీకేసి కూర్చోండి. ఈ గదిలో భయస్తులు ముగ్గురున్నారు. ఒక్కొక్కరే బయటికి రావాలి."

ఏమనుకుందో గాని, డాక్టరమ్మ బుట్ట బయట పెట్టి వచ్చి కూర్చుంది. అతనూ ఆ అమ్మాయీ ఎప్పటిలాగే నేల మీద, గోడకేసి. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. డాక్టరమ్మ ఫోన్ మోగితే నొక్కేసి సంచీలో పడేసింది. రావే తల్లీ, నేను చేసిన తప్పుకి నువ్వు పోకే అని లోలోపలే మొక్కుకున్నాడు.

ఇనప పెట్టె వెనక కదలిక వినిపించింది. పదకొండు గోడ వారగా వచ్చి, డాక్టరమ్మ బూట్ల దగ్గర ఆగి, మందుల వాసనకి మూతి ముడిచి, రెండడుగులు వెనక్కి వేసింది. అది కాసేపు ఆలోచించుకుని, చుట్టూ తిరిగొచ్చి, అతని మోకాలి మీద ఒక పాదం వేసింది. తర్వాత రెండోది. ఒళ్లోకి చేరి, రెండు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది.

డాక్టరమ్మ కాగితం తీసి, 'లేదు' కొట్టేసి, 'వచ్చింది' అని రాసి సంతకం పెట్టింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఇక గురువారం గురువారం నువ్విక్కడికి రానక్కర్లేదు అని ఆ అమ్మాయికి చెప్పి, ఖాళీ బుట్ట పట్టుకుని దిగిపోయింది.

పిల్లి దక్కిందని సంతోషించాలో, గురువారాలు పోయాయని ఏడవాలో అతనికి తెలియలేదు. ఆ అమ్మాయి ఇంకా లేవలేదు.

"మీకు నేనంటే ఇష్టం లేదనుకున్నాను," అన్నాడు గోడతో. "ఒక్కసారైనా నా వైపు తిరగలేదు."

"నాలుగేళ్లుగా పిల్లులతోనే ఉన్నానండీ. చూడాలని ఉన్నవాళ్ల వైపు చూడకపోవడమే అలవాటైపోయింది," అంది ఆమె. "మీరేమో అసలు తలే తిప్పరు. మీకు పిల్లి తప్ప ఇంకేం అక్కర్లేదేమో అనుకున్నాను."

"మీరు నేర్పిందే చేశానండీ."

ఆమె నవ్వింది. పదకొండు ఒక చెవి అటు తిప్పింది.

"వచ్చే గురువారం వస్తారా? కాగితం లేకుండా," అని అడిగాడు అతను.

ఆ అమ్మాయి గోడ మీంచి చూపు తీసింది. మొహమంతా ఇటు తిప్పి, అతని కళ్లలోకి తిన్నగా చూసింది. మంచం కిందికి దూరిపోదామనిపించింది అతనికి. కానీ ఒళ్లో పిల్లి ఉంది, కదలడానికి లేదు. నెమ్మదిగా రెప్పలు మూసి, తెరిచాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీదుంది.

బామ్మ తన కుర్చీని చప్పుడు కాకుండా కిటికీకేసి తిప్పుకుంది.

"నువ్వు అటు చూడకే, పదకొండూ," అంది.