ముగ్గు గీతల మీద కంప్యూటర్ క్లాసు

మఠంపల్లి దగ్గరి ఆ హైస్కూల్లో కంప్యూటర్లన్నీ కాలిపోయి రెండేళ్లయింది. టీచర్ సుకన్య మాత్రం కంప్యూటర్ క్లాసు ఒక్కరోజూ ఆపలేదు. ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లల్ని ఆ చెడిపోయిన మెషీన్ల ముందు కూర్చోబెట్టి ఫోటో తీసి పంపేద్దామని హెడ్మాస్టర్ కాటయ్య బతిమాలాడు. ఆమె వినలేదు. తొమ్మిదో తరగతిని గ్రౌండులోకి తీసుకెళ్లి ముగ్గుపిండితో గీతలు గీసింది.

సూర్యాపేట విద్యాశాఖ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన శ్రీనాథ్‌ది కోదాడ. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. కంప్యూటర్లే లేని బడికి కంప్యూటర్ టీచరెందుకని రాసుకోబోయాడు. ఆ మాట రాస్తే సుకన్య ఉద్యోగం పోయినట్టే.

"రాసే ముందు జర గీడ నిలబడుండ్రి సార్," అంటూ పదిహేడు అని రాసిన అట్టముక్క అతని చేతిలో పెట్టింది.

సార్‌తో కలిపి ఆరుగురు తలా ఒక అంకె పట్టుకుని గీతల వెంట నడవాలి. గీతలు కలిసిన ప్రతిచోటా ఇద్దరు అంకెలు చూసుకుని, చిన్నది ఎడమకు, పెద్దది కుడికి పోవాలి. కంప్యూటర్ అంకెల్ని సర్దేదీ ఇలాగే; చివరికి చిన్నంకె నుంచి పెద్దంకె దాకా అందరూ వరుసలో తేలాలి. తేలలేదు. చాందీ అనే పిల్ల గీతల వెంట వెనక్కి నడిచి, ఒకచోట ఆగి, సార్ కుడికి పోవాల్సింది ఎడమకు పోయాడని చెప్పింది.

శ్రీనాథ్ చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు ఏడ జరిగిందో పట్టుడే మా క్లాసు," అంది సుకన్య. "మెషీన్లు ఇయ్యుండ్రి, గవి గూడ నేర్పుత. అప్పటిదాక నన్ను ఆపకుండ్రి."

క్లాసు బాగుందని, మెషీన్లే లేవని అతను రిపోర్టు రాశాడు. మార్చమని పైవాళ్లు గదిమినా మార్చలేదు. ఆమె ఉద్యోగం నిలబడింది.

ఆ తర్వాత ప్రతి శనివారం ఏదో ఒక సాకుతో వచ్చేవాడు. పిల్లలతోపాటు గీతల మీద నడిచేవాడు. ఒక శనివారం వానలో తడుస్తూ, ఫైలు లేకుండా వచ్చాడు.

"ఇవాళ ఆఫీసు పనేం లేదండీ. మీరంటే నాకిష్టం. అది చెప్దామనే వచ్చాను."

సుకన్య సంతోషం పైకి కనపడనీయకుండా, మాది లంబాడీ తండా, మీ ఇంట్లో తెలుసా అని అడిగింది. తెలుసని, అమ్మ మాట్లాడటం మానేసిందని, అయినా తను వెనక్కి తగ్గనని చెప్పాడు.

"నాకు గూడ ఇష్టమే. కని చాటుమాటు ముచ్చట్లు నాతోని కావు. మా నాయన ముందట కూసొని అడగాలె. పెండ్లైనంక బడి ఇడిసిపెట్టమంటే మాత్రం ఇనను."

"పదండి," అన్నాడు.

వాన తగ్గేదాకా ఆగుదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

తండాలో ఆమె తండ్రి బిచ్చా అంతా విన్నాడు. మీవాళ్లు రేపు నా బిడ్డను చిన్నచూపు చూస్తే ఏంచేస్తావని అడిగాడు. వేరు కాపురం పెడతానని శ్రీనాథ్ తడుముకోకుండా చెప్పాడు. బిచ్చా కూతురి ముఖంలోకి చూసి, అతనివైపు తిరిగాడు.

"ఇది ఎవ్వల మాట ఇనదయ్యా. మంచిగ ఆలోచన చేసుకున్నవా?"

"అందుకే వచ్చానండీ."

బిచ్చా నవ్వాపుకుంటూ, తల తుడుచుకొమ్మని తన భుజం మీది తువ్వాల తీసి అతని చేతికిచ్చాడు.