నీలవేణి పళ్లెంలో పడని మాత్ర

ఎవరూ ఇవ్వని మందు నీలవేణి రక్తంలో కనబడింది.

డాక్టర్ సుభాషిణి తెరను మళ్లీ చూసింది. పొరపాటు లేదు. క్యాన్సర్ గడ్డతోపాటు కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేసిన మనిషికి, మిగిలిన ముక్క పెరిగేదాకా కీమో మందు పడకూడదు. ఇవ్వలేదు కూడా. అయినా మందు రక్తంలో పేరుకుంటోంది, తెల్లకణాలు పడిపోతున్నాయి. ఇంకొంచెం పడితే ప్రాణం దక్కదు.

విశాఖలోని ఆ ఆసుపత్రిలో మోతాదు తేల్చే పని ఇప్పుడు డాక్టర్లది కాదు. రోగి పొట్ట మీద అంటించిన కాలేయదర్శి, లోపల మందు ఎంత వేగంగా విరుగుతోందో కనిపెడుతుంది. దాన్నిబట్టి మంచం పక్కనున్న మాత్రయంత్రం ఆ రోజుకు తగిన మాత్ర తయారుచేసి పళ్లెంలో వేస్తుంది. దాని తాళం తీయడం ఎవరి తరమూ కాదు. మరి ఈ మందు ఎక్కడిది?

సుభాషిణి వార్డు మొత్తం రక్తఫలితాలు తిరగేసి, ఒక పేరు దగ్గర ఆగింది. సన్నిబాబు. నీలవేణి పక్క మంచం. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. కాలేయం దుక్కలా ఉంది, అదే కీమో మాత్ర రోజూ పూర్తిగా అందుతోంది. రక్తంలో మాత్రం ఉండాల్సినదాంట్లో సగమే మందు.

ఆమె వార్డులోకి పరుగెత్తింది. యంత్రం అప్పుడే టిక్కుమంది. సన్నిబాబు మాత్రను రెండుగా విరుస్తున్నాడు.

"ఆ సగం ఇలా ఇవ్వండి!" అంటూ మణికట్టు పట్టుకుంది.

"దొరికిపోనానే నీలమ్మా!" నవ్వాడతను. పక్క మంచం మీంచి చాచిన చేతిని నీలవేణి వెనక్కి తీసుకుంది.

"నవ్వకండి. మీ కాలేయం ఒక్క రోజులో విరిచేసే మందు ఆమెలో వారమైనా కదలదు. మీరిచ్చిన సగాలన్నీ అక్కడే పోగుపడ్డాయి. ఆమె ప్రాణం మీదికి తెచ్చారు. మీకూ మందు చాలడం లేదు!"

నవ్వు ఆగిపోయింది. తల మాత్రం దించలేదు.

"నానే ఇచ్చినాను డాక్టరమ్మా. పోలీసులకి సెప్తారా, సెప్పండి. మందు లోపల అలగే ఉండిపోద్దని నాకు తెల్దు. అది నా తప్పే. మరి మీ తప్పో? పొద్దున్నే అందరి పళ్లేల్లోనూ టిక్కుమంటాది. ఈవిడ పళ్లెంలో ఏటీ పడదు. 'నేడు మాత్ర లేదు' అని అక్షరాలొస్తాయి, అంతే. ఎందుకు ఆపినారో ఎవులైనా సెప్పినారా? 'ఇంక బతకదని నన్నొగ్గేసినారన్నా' అని గోడేపు తిరిగి ఏడిసీది. కూడు ముట్టీది కాదు. నా సగం నోట్లో ఎట్టుకున్న రోజే ఇడ్లీ తిన్నాది. అందుకే ఇచ్చినాను. అలగ సూస్తారేటి? ముందు ఆవిడికి మీ నోటితో సెప్పండి. తర్వాత నాకు బేడీలెయ్యండి."