పదిహేడో నంబరు కారు మీది మట్టి

"పంపు పెడితే పది నిమిషాల పని అత్తమ్మా," అని దీవెన మూడోసారి అన్నది. అంతోనమ్మ మాత్రం కారు కడిగే బకెట్టు వదల్లేదు.

"పన్నెండేండ్ల సంది నేనే కడుగుతున్న. ఇయ్యాల కొత్తగ పంపేంది?"

"మీ నడుము కోసమే అంటున్న."

"నా నడుము వచ్చి నీకు చెప్పుకున్నదా?"

వరండాలో టీ తాగుతున్న సంసోను నవ్వబోయి దగ్గాడు. బొగ్గుగని వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు పాడయ్యాక గేటు దాటడం మానేశాడు గానీ, ఎదురుగా నిలబడిన ఆ కారు ఆయన చేతి పనే. పాత సామాన్ల కొట్టుకు పోవాల్సిన బండిని తెచ్చి, వెనక సీట్లు పీకేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టి, తలుపు మీద తెల్లరంగుతో పదిహేడు అని రాశాడు. సత్తుపల్లిలోనో మణుగూరులోనో, ఎక్కడ మట్టి ట్రాక్ మీద కార్ల పందెం పెట్టినా కొడుకు షాలేమ్‌రాజు ఆ కారుతోనే పోయేవాడు. మిగతావాళ్ల వెనక కంపెనీలు ఉండేవి. ఇతని వెనక ఇంటి మనుషులే. తండ్రి ఇంజను విప్పుతాడు, భార్య దీవెన స్టాప్‌వాచీ పట్టుకుంటుంది, తల్లి కారు కడుగుతుంది.

నాలుగేళ్ల కిందట మధిరలో ఆ కారు రెండు పల్టీలు కొట్టింది. అది కళ్లారా చూసిన అంతోనమ్మ మళ్లీ ట్రాక్ వైపు పోలేదు. పందెం రోజున ఇంట్లో జపమాల పట్టుకుని కూర్చునేది. కారు ఇంటికి వచ్చాక, దాని మీది మట్టిలోనే పందెం చూసుకునేది.

ఎవరూ నేర్పకుండానే ఆ విద్య ఆమెకు వచ్చింది. కుడి వెనక చక్రం మీద మట్టి ముద్దలుగా పేరుకుంటే, కొడుకు మలుపులో ఆలస్యంగా బ్రేకు తొక్కాడని తెలిసేది. తలుపు కింద గీతలుంటే, దారి ఇవ్వనివాణ్ని రాసుకుంటూ పోయాడని తెలిసేది. పన్నెండేళ్లుగా ఆ మట్టిలో ఉన్నదంతా కొట్లాటే.

కానీ గత మూడు పందేల నుంచి మట్టి మారింది. ఎక్కడా ముద్ద కట్టలేదు. ముందు చక్రం దగ్గర మొదలై తలుపు మీదుగా వెనకదాకా విసనకర్ర విప్పినట్టు పలచగా పరుచుకుంటోంది. సొట్ట లేదు, గీత లేదు. అంతోనమ్మ ఆశ్చర్యపోయింది. తన జపమాల ఫలించిందనుకుంది. గుడిలో పది మందికి చెప్పి కొవ్వొత్తి వెలిగించింది. పందెం నుంచి వచ్చిన మనిషికి చేపల కూరలో నడిమి ముక్క వేయడం ఆ ఇంటి అలవాటు. మూడుసార్లూ కొడుకు కంచంలో ముక్క వేస్తూ, "ఇన్నాళ్లకు బురదతోటి కొట్లాడుడు మానినవ్ కొడకా, దాన్ని మంచి చేసుకున్నవ్," అని మురిసిపోయింది. కొడుకు తల వంచుకుని తినేవాడు. దీవెన నీళ్ల గ్లాసులు అందించేది.

ఎప్పుడూ బయట మాత్రమే కడిగే అంతోనమ్మ, ఇవాళ లోపల కూడా తుడుద్దామని డ్రైవరు తలుపు తీసింది. సీటుకు బెల్టుతో బిగించి కట్టిన చిన్న దిండు కనిపించింది. నీలం పూల గలీబు. రెండు నెలల కిందట ఇంట్లో మాయమైన ఆమె దిండే అది.

ఆరడుగుల షాలేమ్‌రాజుకు ఇప్పటికే మోకాళ్లు స్టీరింగుకు తగులుతాయి. వీపు వెనక దిండు పెట్టుకుంటే అతను ఆ సీట్లో పట్టడు. అంతోనమ్మ తలెత్తి చూసింది. తన భుజందాకా వచ్చే కోడలు, పంపు పైపు పట్టుకుని నేల చూపులు చూస్తోంది.

అంతోనమ్మ దిండు విప్పి లోపలికి తీసుకుపోయింది. సంసోను, షాలేమ్‌రాజు అప్పుడే ఉప్మా కంచాల ముందు కూర్చున్నారు. వాళ్ల మధ్యలో దిండు పెట్టింది.

"ఇది ఎవరి నడుముకు?"

షాలేమ్‌రాజు తినడం ఆపాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. మధిరలో పల్టీ కొట్టినప్పుడు మెడలో నరం నలిగింది. ఆర్నెల్ల నుంచి కుడిచెయ్యి తిమ్మిరెక్కి స్టీరింగు జారిపోతోంది. ఇక కుదుపులు పనికిరావని ఖమ్మం దవాఖానాలో చెప్పారు. తండ్రికి ఆ కారు తప్ప వేరే లోకం లేదు కాబట్టి నోరు పెగల్లేదు. మూడు పందేలకూ దీవెనే సొంత పేరు రాయించుకుని కారు తోలింది.

సంసోను కంచం పక్కకు జరిపాడు. "ఆ బండి నా కొడుకు కోసం కట్టిన. వాడు తోలకుంటే ఇంకెవరూ తోలొద్దు. రేపే ఇనప సామాన్లోనికి ఇచ్చేస్త."

"నేను ఓడిపోలేదు మామయ్యా," అన్నది దీవెన మెల్లగా.

"గెలుసుడు గురించి కాదమ్మా. ఆడపిల్లవు. నీకేమన్న అయితే?"

"పన్నెండేండ్లు ఆయన తోలిండు. ఆయనకేమన్న అయితే అని మీరు ఒక్కనాడు అడగలే. రాతి మొహం పెట్టుకుని వాచీ చూసుకుంట నిలబడ్డది నేను."

షాలేమ్‌రాజు తండ్రి వైపు తిరిగాడు. "నాకంటె బాగ తోలుతది నాన్నా. గా మాట చెప్పనీకి నాకు మూడు పందేలు పట్టింది."

అంతోనమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకు చూపియ్యి బిడ్డా," అన్నది కోడలితో.

ఊరి బయట మూతపడిన ఇటుక బట్టీ పక్కన ఖాళీ జాగా ఉంది. వానకు ఎర్రమట్టి జారుడుగా తయారైంది. రానని భీష్మించుకున్న సంసోను కూడా చివరికి ఆటోలో వచ్చి, కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

కారు కదిలింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి, మధిర గుర్తొచ్చి అంతోనమ్మ కళ్లు మూసుకుంది. చెయ్యి జపమాల మీదికి పోయింది. ఇంజను మోత మాత్రం తడబడలేదు. ఆమె కళ్లు తెరిచింది.

కారు పక్కకు జారుతోంది. పడిపోయేలా కాదు, బురద మీద భుజం ఆనించి వాలినట్టు. చక్రాల కింది నుంచి ఎర్రమట్టి లేచి, విసనకర్రలా విప్పుకుని, ఎండలో ఒక్క క్షణం ఆగి, మెత్తగా తలుపు మీదికి ఒరిగింది. మూడుసార్లు తన చేతులతో తుడిచింది దాన్నే. ఇన్నాళ్లూ ఆరిపోయిన మరక చూసింది. అది పుట్టేటప్పుడు ఇంత అందంగా ఉంటుందని ఆమెకు తెలియదు. చేతిలో జపమాల ఉన్న సంగతే మరిచిపోయింది.

సంసోను కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వింటున్నాడు. "గేరు దించలే," అన్నాడు తనలో తాను. "వీడైతే ఈడ దించుతుండె. బురద ఎంత పట్టుకుంటదో ఆ పిల్లకు ముందే ఎరుక."

"పెండ్లికి ముందు చండ్రుగొండ ఊర్ల వాళ్ల పొలం బురద దున్నే దమ్ము ట్రాక్టరు తనే తోలేది నాన్నా," అన్నాడు షాలేమ్‌రాజు. అతని తిమ్మిరి చేతిలో స్టాప్‌వాచీ వణుకుతోంది. మొహంలో మాత్రం బాధ లేదు.

ఇంటికి రాగానే సంసోను బోల్టులు విప్పే పానాలు అడిగి తీసుకుని కారులోకి దూరాడు. అరగంట తర్వాత ఆయాసపడుతూ బయటికి వచ్చి, దిండు తెచ్చి భార్య ఒళ్లో పడేశాడు.

"సీటు ముందటికి జరిపి బిగించిన. ఇగ దిండుతోటి పని లేదు."

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు. గోదావరి చేపల కూర. అంతోనమ్మ గరిటె పట్టుకుని కొడుకు కంచం దాటి వచ్చి, నడిమి ముక్క దీవెన కంచంలో వేసింది.

"మూడుసార్లు నీ ముక్క వాడికేసిన. నీకు చెప్పాల్సిన మాట వాడికి చెప్పిన. అన్నీ ఇనుకుంట నీళ్లందిస్తివి," అన్నది. దీవెన కళ్ల నీళ్లు కంచంలో పడ్డాయి.

అంతోనమ్మ గరిటె గిన్నెలో పెట్టి, ఎవరివైపూ ప్రత్యేకంగా చూడకుండా, అందరికీ వినపడేలా నెమ్మదిగా చెప్పింది.

"ఆదివారం మణుగూరు పందేనికి నేనొస్త. ముందల నిలబడి చూస్త. ఇగ బండి కడుగుడు షాలేమ్‌రాజు పని."