తల్లిఊట అడిగిన పేరు

తేనెకోన రాజ్యానికి వచ్చిన కష్టం కరువు కాదు, శత్రువూ కాదు. రాజుగారి కొడుక్కి మూడేళ్ళు నిండినా పేరు పెట్టలేదు, అదీ కష్టం. ఇదీ ఒక కష్టమేనా అని నవ్వకండి. అప్పుడు నవ్వినవాళ్ళంతా తరవాత ఏడ్చారు, చెబుతాను వినండి.

తేనెకోన పెద్ద రాజ్యమేమీ కాదు. కోట బురుజెక్కి గట్టిగా కేక వేస్తే సరిహద్దు దాకా వినిపిస్తుంది. దానికి రాజు సన్యాసిరాజు. ఆయనకు పదకొండేళ్ళ కూతురు నూకరత్నం, ఆ తరవాత ఈ బాబు. బాబు బారసాల నాడు ఇద్దరు ముసలమ్మలు పంతం పట్టారు. రాజుగారి తల్లి కాలం చేసిన తన భర్త పోలిరాజు పేరే పెట్టాలంది. రాణిగారి తల్లి కూడా కాలం చేసిన తన భర్త జగన్నాథుడి పేరే పెట్టాలంది. మొగుడి పేరు నోటితో పలకకపోవడం ఆ కోనలో ఆచారం. అందుకని ఒకావిడ "మా ఇంటాయన పేరు" అంటే రెండో ఆవిడ కూడా "మా ఇంటాయన పేరే" అనేది. ఈ గొడవతోనే మూడేళ్ళు గడిచిపోయాయి. బాబు బాబుగానే ఉండిపోయాడు.

ఆ రాజ్యంలో కొండల నడుమ తల్లిఊట అనే కొలను ఉంది. రాతి నెర్రెలోంచి నీళ్ళు గుబగుబమని ఉబికి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా నిండుతాయి. ఏడాదికి ఒక రోజు ఒక్కో ఇంటికి వంతు. వంతు రోజున ఇంటిల్లిపాదీ అన్నాలు కట్టుకుని వెళ్ళి పొద్దు వాలేదాకా ఈదులాడి వస్తారు. దిగేముందు ఇంటి పెద్ద మెట్టు మీద నిలబడి ఒక్కొక్కరి పేరూ ఊటకు చెప్పాలి. పేరు విన్న నీళ్ళు ఆ మనిషిని మునగనివ్వవు, ఈత రాకపోయినా తేల్చి మోస్తాయి.

ఆ ఏడు రాజుగారి వంతు వచ్చింది, బాబును తీసుకెళ్ళడం అదే మొదటిసారి. ఆయనే పులిహోర గంగాళం నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు. అందరూ మెట్ల దగ్గర చేరారు. తల్లి పేరు చెప్పాడు, అత్తగారి పేరు చెప్పాడు, రాణి పేరు, నూకరత్నం పేరు, తన పేరు కూడా చెప్పాడు. ఇక బాబు మిగిలాడు.

"మీ అయ్య పేరు సెప్పరా, నాను సూస్తన్నాను," అంది నాయనమ్మ.

"మా ఇంటాయన పేరు సెప్పండి అల్లుడుగారూ. లేపోతే నాను మా ఊరెల్లిపోతాను," అంది అమ్మమ్మ.

రాజ్యమేలే మనిషి ఇద్దరు ముసలమ్మలకు జడిసిపోయాడు. "వీడు కూడాను తల్లీ," అని గొణిగి గబగబా నీళ్ళలోకి దిగిపోయాడు. ఎంత తెలివితక్కువ పనో చూడండి.

నీళ్ళు చల్లగా, మెత్తగా ఉన్నాయి. రాణి జడ విప్పుకుని వెల్లకిలా తేలింది. ముసలమ్మలిద్దరూ చెరో ఒడ్డునా తేలుతూ ఒకరికొకరు వీపు తిప్పుకున్నారు. పైన కొమ్మల నుంచి ఎండ చుక్కలుచుక్కలుగా రాలుతోంది. నూకరత్నం తమ్ముడి చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. తాను ఏదో మబ్బు మీద పడుకున్నట్టు, ఆ మబ్బు తనను ఎటో తీసుకుపోతున్నట్టు అనిపించింది. కళ్ళు తెరిచేసరికి చేతిలో చెయ్యి లేదు.

నీళ్ళలో ఎక్కడా బాబు లేడు. ఊట గుబగుబ ఆగిపోయింది. కిందికి పారే కాలవ కూడా నిలిచిపోయింది. రాజు మునగబోతే నీళ్ళు ఆయనను పైకి తోసేశాయి. మళ్ళీ దూకితే మళ్ళీ తోసేశాయి. పేరు చెప్పిన మనిషిని ముంచకపోవడం ఆ నీళ్ళ ధర్మం మరి. రాణి గుండెలు బాదుకుంది.

నూకరత్నానికి సంగతి అర్థమైంది. ఒడ్డుకొచ్చి మెట్టు మీద నిలబడింది. "తల్లీ, మా అయ్య సెప్పిన నా పేరు నాను ఎనక్కి తీసుకుంటన్నాను. నాకూ పేరు లేదనుకో," అంది. ఎవరైనా ఆపేలోగా దూకేసింది. నీళ్ళు ఆమెను రాయిని మింగినట్టు మింగేశాయి.

అడుగున రాతి నెర్రె దగ్గర బండంత తాబేలు అడ్డంగా పడుకుని ఉంది.

"ఎవులే నువ్వు?" అంది తాబేలు.

"పేరు లేదు. మా తమ్ముడి కోసం ఒచ్చినాను."

"అయితే కాలూ సెయ్యీ ఆడించకుండా ఊరుకో. నీళ్ళే తీసుకెల్తాయి. భయపడి కొట్టుకున్నావో, ఇక్కడే గులకరాయివైపోతావు."

నూకరత్నానికి భయం వెయ్యలేదని నేను చెప్పను. చచ్చేంత భయం వేసింది. అయినా ఒళ్ళు వదిలేసింది. నీళ్ళు ఆమెను నెర్రెలోకి లాక్కుపోయాయి. చీకటి రాతిలో వెండి మీసాల చేపలు ఆమె చెంపలను రాసుకుంటూ పోయాయి. ఎక్కడినుంచో ఎవరో జోల పాడుతున్నట్టు వినిపించింది. నిద్ర ముంచుకొస్తున్నా తమ్ముడి ముఖం తలుచుకుంటూ మెలకువగా ఉంది.

నెర్రె దాటగానే పాచి పట్టిన జుట్టుతో జలరాక్షసుడు దారికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"నిన్ను తినేస్తాను," అన్నాడు, కానీ ఆ గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువ ఉంది.

"ఎందుకూ?"

"ఎందుకేటి, ఆకలి. ఒడ్డున రోజుకో ఇంటోళ్ళు ఒస్తారు. తాలింపు వాసన నా దాకా దిగుతాది. ఒక్కలైనా ఓ మెతుకు ఇదిల్చినారా?"

నూకరత్నం పరికిణీ రొండిన దోపుకున్న పనస తొన తీసి అతని అరచేతిలో పెట్టింది. తొన కాస్తా నాని మెత్తబడిపోయింది. రాక్షసుడు దాన్ని బుగ్గన పెట్టుకుని ఏడ్చేశాడు. అంత ఒళ్ళున్నవాడు చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే ఆమెకు జాలేసింది. అతను పక్కకు ఒదిగి దారి చూపించాడు.

లోపల కొండ కడుపులో పెద్ద గది ఉంది. పైనుంచి పచ్చటి వెలుగు పడుతోంది. గది నడుమ ఊటతల్లి కూర్చుని ఉంది. ఆమె జుట్టు ఎక్కడ ముగుస్తుందో నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలియడం లేదు. ఆమె ఒడిలో బాబు నీటి బుడగలు పట్టుకుని ఆడుకుంటున్నాడు.

"నాకు అప్పజెప్పని పిల్లడు ఎవులికీ సెందడు. అందుకే ఉంచుకున్నాను," అంది ఊటతల్లి. "వీడు పలికే పేరుతో పిలిసి తీసుకెల్లు."

"పోలిరాజూ," అని పిలిచింది నూకరత్నం. బాబు తలెత్తలేదు. "జగన్నాథుడా," అంది. అప్పుడూ తలెత్తలేదు. "బాబూ," అంది ఏడుపు ఆపుకుంటూ.

"అలా పిలిస్తే కోనలో మగపిల్లలందరూ పలుకుతారు," అంది ఊటతల్లి. "ఇంతకీ నువ్వెవులివి?"

నూకరత్నం నోరు తెరిచింది. పేరు తనే వదిలేసుకుంది కదా, ఇక చెప్పుకోడానికి ఏముంది? "నాను వీడి అప్పని," అంది. ఆ కోనలో అక్కను అప్ప అంటారు, తమ్ముడు ఆమెను పిలిచేదీ అలాగే.

ఆ మాటకు బాబు బుడగలు వదిలేశాడు. ఊటతల్లి వాడి గడ్డం పట్టుకుని, "మరి నువ్వెవులివిరా?" అని అడిగింది. మూడేళ్ళలో ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడగలేదు.

"నాను అప్ప తమ్ముణ్ణి," అన్నాడు వాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

ఊటతల్లి వాణ్ణి ఎత్తి నూకరత్నం చేతికిచ్చింది. "సరే, తీసుకెల్లు. సగం దూరం నాను మోస్తాను. ఆ పైన ఒడ్డునున్నోళ్ళు పిలవాలి. అక్కడ పంతాలుంటే మీరిద్దరూ నడిమిలోనే ఉండిపోతారు," అంది.

అక్కాతమ్ముళ్ళు పైకి తేలారు. సగం దూరంలో నీళ్ళు ఆగిపోయాయి. నూకరత్నం తమ్ముణ్ణి గుండెలకు హత్తుకుని చెవులు రిక్కించింది. పైనుంచి రెండు ముసలి గొంతులు రెండు పేర్లు పిలుస్తున్నాయి. ఇప్పుడు కూడా పంతమేనా, అయిపోయింది మన పని అనుకుని కళ్ళు మూసుకుంది. అప్పుడు మాటలు స్పష్టంగా వినిపించాయి.

"జగన్నాథుడా, ఒచ్చేయి నాయినా. ఆ పేరే ఉంచుకో, నాకే పేరూ వద్దు," అని ఏడుస్తోంది నాయనమ్మ.

"పోలిరాజూ, నా తండ్రీ. నాదే తప్పురా, పోలిరాజూ," అని ఏడుస్తోంది అమ్మమ్మ.

మొగుడి పేరు పలకకూడదు గనక అలా పిలిచారని తరవాత కొందరు అన్నారు. నేను నమ్మను, మీరూ నమ్మకండి.

బాబు నాయనమ్మ పిలుపుకు "ఆఁ" అన్నాడు. అమ్మమ్మ పిలుపుకు కూడా "ఆఁ" అన్నాడు. "నూకరత్నం, తల్లీ," అని రాణి పిలిచింది. నీళ్ళు గుబగుబమని ఉబికి ఇద్దరినీ తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాయి. రాజు కూతుర్ని పట్టుకుని భోరుమన్నాడు. ముసలమ్మలిద్దరూ ఒకే తుండుగుడ్డతో మనవడి తల తుడిచారు. గంగాళంలో పులిహోర సగం కొలనులోకి వెళ్ళింది, ఎందుకో మీకు తెలుసు.

ఆ సాయంత్రమే బాబుకు పోలిజగన్నాథరాజు అని పేరు పెట్టారు. పెద్దయ్యాక వాడు తేనెకోనను చక్కగా ఏలాడు, అప్పను అడగకుండా ఏ పనీ చేయలేదు. కానీ ఆ పేరులో సగం నాయనమ్మ పలకకూడదు, మిగతా సగం అమ్మమ్మ పలకకూడదు. అందుకని బతికినన్నాళ్ళూ ఇద్దరూ వాణ్ణి ఒక్క మాటతోనే పిలిచారు, "అప్ప తమ్ముడా" అని.