మేనేజరు బంగ్లా ముంగటి గడ్డి

పటాన్‌చెరు దాటినంక సంగారెడ్డి రోడ్డు మీద అప్పట్ల ఒక రేకుల ఫ్యాక్టరీ ఉండె. దాని మేనేజరు బంగ్లా ముంగటికి పొద్దుగూకినంక ఎవ్వరు పోకపోతుండె. గడ్డిల నుంచి ఆడమనిషి మూల్గు ఇనబడ్తదని ఆ జాగకు చెడ్డపేరు. బంగ్లా రెండేండ్లు ఖాళీగుంది. గడ్డి నడుముల దాకా లేచింది.

ఇది మా సత్తయ్య చిన్నాయిన చెప్పిన ముచ్చట. డెబ్బై నాలుగుల అయింది. ఆయన అప్పుడు ఆడ తోటమాలి — పర్మినెంటు గాదు, దినకూలి.

కొత్త మేనేజరు త్రినాథరావు వస్తుండు, పిచ్చిగడ్డి పీకి కొత్త గడ్డి పరచమన్నరు. మన్నుతోని, వేర్లతోని పెళ్లలుగ కోసిన గడ్డి హైదరాబాద్ నుంచి లారీల వస్తది. అప్పటికి నేల తయారు లేకపోతే ఎండకు గడ్డి సస్తది. చిన్నాయిన నౌకరి గూడ పోతది.

మూడు దినాలు తుంగగడ్డలు తవ్వి చేతులు బొబ్బలెక్కినయి. తెల్లారితే లారీ. చీకటి పడ్డది — ఇంక ఒక మూల మిగిలే ఉంది.

కందీలు దీపం పట్టుకొని పోతుంటే గేటు కాడ వాచ్‌మన్ అంజయ్య ఆపిండు.

"సత్తన్నా... ఆ మూలకు పోకు."

"లారీ వస్తది."

"తెల్లచీర కట్టుకుంటదట..." అని గుసగుసగ అన్నడు. ఆ దయ్యం సంగతి ఫ్యాక్టరీల అందరికి మొదలు చెప్పింది గూడ అంజయ్యనే.

చిన్నాయిన పోయిండు. కందీలు కింద వెట్టి పార ఏసిండు.

సర్ర్... సర్ర్...

తను ఆగితే అదీ ఆగింది. తవ్వితే — మళ్ల సర్ర్...

"అమ్మా..." అని గడ్డిల మూల్గు.

కందీలు ఎత్తిండు. రెండు గజాల దూరంల — తెల్లచీర. చేతుల కొడవలి.

"ఎ... ఎవరు?"

"మెల్లగ మాట్లాడు," అన్నదామె. "నా కొడుకు ఇంటడు."

ముసలామె. ఒడినిండ గంగవాయిలి కూర. మోకాళ్ల నొప్పికి లేసినప్పుడల్ల మూల్గుతది. పేరు నర్సింహమ్మ. ఆ నేల ఒకప్పుడు వాళ్ల చేను. ఫ్యాక్టరీకి ఇచ్చినందుకు కొడుక్కు గేటు కాడ నౌకరి దొరికింది.

ఆ కొడుకే అంజయ్య.

"నేను గోడ కంత నుంచి వస్తున్నని ఫ్యాక్టరోళ్లకు తెలిస్తే నౌకరి పోతదని వాని పరేషాన్. నన్ను బెదిరియ్యనీకి ఈడ దయ్యముందన్నడు. నా మూల్గు ఇని లోకమంత నమ్మింది."

"నీకు భయం గాలేదా అవ్వా?"

"నా చేన్ల నాకేం భయం బిడ్డా? జెర జరుగు, కూర తొక్కుతున్నవు."

చిన్నాయిన జరిగిండు. ఆమె కోసుకుని పోయినంక ఆ మూల తవ్విండు. పొద్దున లారీ వచ్చింది. గడ్డి పరిచిర్రు, నీళ్లు పట్టిర్రు. నెలకు నౌకరి పర్మినెంటయింది.

వానలు మొదలైనంక ఒకనాడు త్రినాథరావు పిలిచిండు. పచ్చటి గడ్డిల చాపంత జాగ ఖాళీ. పెళ్లలు లేపి, గోడకు శుభ్రంగ పేర్చి ఉన్నయి. మన్నుల వరుసలు వరుసలుగ పుంటికూర మొలిచింది.

"ఎవరు చేశారిది?"

గేటు కాడ అంజయ్య ముఖంల నెత్తురు లేదు.

"దయ్యం సార్," అన్నడు చిన్నాయిన.

"దయ్యమా?"

"మంచిదే సార్. దీనికి గూడ నీళ్లు పట్టమన్నది."