ఎడమ కంటి రెప్ప

గోడౌన్ యజమాని నిన్న మధ్యాహ్నం మూడు నలభైకి ఆఫీసు కుర్చీలోనే కుప్పకూలాడు. ఈ ఉదయం ఆస్పత్రిలో పోయాడు.

"మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని ఎడమవైపు లోపల చిరిగింది," అన్నాడు పోస్ట్‌మార్టమ్ డాక్టర్. "అక్కడ కట్టిన గడ్డ మెదడుకి ఎక్కింది. మెడ ఎవరో గట్టిగా మెలితిప్పారు."

"ఎప్పుడు?"

"కుప్పకూలడానికి కొన్ని గంటల ముందు."

నిన్న ఒంటిగంటకి బావమరిది అందరి ముందూ ఆయన కాలర్ పట్టుకున్నాడు. ఇంకేం కావాలి? స్టేషనంతా చేతులు దులుపుకుంది.

"కాలరే సార్! మెడ ముట్టుకుంటే ఒట్టు!" లాకప్ ఊచలు పట్టుకుని అరిచాడు బావమరిది.

సాయంత్రం అయిదింటికి అతన్ని కోర్టుకి పంపాలి. కాలర్ పట్టుకుంటేనే ధమని చిరిగిందంటే ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం నమ్మకం కుదరడంలేదు. ఆఫీసువాళ్ళు నిన్న పదకొండుంపావుకి దిగిన గ్రూప్ ఫొటో తెప్పించుకున్నాడు. అందులో యజమాని ఎడమ కన్ను సగం మూసి ఉంది.

"ఎవరికయ్యా కన్ను కొట్టాడు?"

"నిద్రమత్తేమో సార్," అన్నాడు మేనేజర్.

ఇన్‌స్పెక్టర్ ఫొటో పెద్దది చేశాడు. చెవి కింద తెల్లగా పౌడర్. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేశాడు. నాలుగింటికల్లా గోడౌన్ ఎదురుగా, యజమాని వారం వారం వెళ్ళే సెలూన్‌లో, గడ్డానికి నురగ రాయించుకుని కూర్చున్నాడు.

బార్బర్‌కి అరవై దాటి ఉంటాయి. కత్తి గొంతు మీద మెత్తగా జారుతోంది.

"మెడ విరవమంటారా సార్?"

"నిన్న ఆయనకి విరిచావా?"

కత్తి ఆగింది. ఇన్‌స్పెక్టర్ అద్దంలోకే చూస్తూ మాట్లాడాడు.

"ఆ ధమని చిరిగితే అటువైపు కనురెప్ప వాలిపోతుందట. గొడవ ఒంటిగంటకి. రెప్ప పదకొండుంపావుకే వాలింది. చెవి కింద పౌడర్ కూడా పోలేదు. అంతకు ముందు ఆయన మెడ ముట్టుకుంది నువ్వే."

బార్బర్ కత్తి గొంతు మీంచి తీయలేదు.

"పెద్దాయనా, పొరపాటున జరిగిందా? అయితే అలాగే రాస్తాను."

"వద్దు సార్!" బార్బర్ గొంతు మొదటిసారి లేచింది. "ఆరేళ్ళ కింద ఆ గోడౌన్లో మంటలు లేస్తే అక్కడ పనిచేసే మా అమ్మాయి లోపలే కాలిపోయింది. పనివాళ్ళు బయటికి పోకుండా తాళం వేయించింది ఆయనే. దాన్ని మీ పోలీసులు పొరపాటని రాశారు."

"ఆరేళ్ళు వారం వారం ఆయన గొంతు మీద కత్తి పెట్టావు. నిన్నే ఎందుకు?"

"అమ్మాయి పోయినప్పుడు ఆఫీసులో ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చినవాణ్ణి. ఎప్పటికైనా గుర్తుపడతాడేమో, ఒక్క మాట అంటాడేమో అని చూశాను. నిన్న నవ్వుతూ అడిగాడు సార్, మీ అమ్మాయికి పెళ్ళి చేశావా అని. ఎప్పుడూ మెడ మెల్లగా రెండువైపులా తిప్పేవాణ్ణి. నిన్న ఒకవైపే తిప్పాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి."

బార్బర్ నురగ తుడిచి, కత్తి మడిచి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు.

"కావాలనే చంపాడని రాయండి సార్. ఎందుకు చంపాడో కూడా రాయండి."