మూడో మలుపులో దండం

త్రివేణిని నీళ్ళలో పడేసిన వాళ్ళు చాలామందే ఉన్నారు. పడేసి, రేసు ఆపుకుని, వెనక్కి తిరిగి వచ్చినవాడు మాత్రం ఫణికుమార్ ఒక్కడే.

పద్నాలుగడుగుల బోర్డు మీద నిలబడి, చేతిలో ఒకే ఒక్క తెడ్డుతో అమెరికాలోని పొటోమాక్ నదిని వెనక్కి తోసుకుంటూ పోవడమే ఆ ఆట. దారిలో మూడుచోట్ల పెద్ద పెద్ద నారింజ రంగు బుడగలు తేలుతుంటాయి. వాటిని చుట్టి రావాలి. అసలు యుద్ధమంతా ఆ మలుపుల దగ్గరే. లోపలి దారి అందరికీ కావాలి, ఉన్నదేమో ఒక్కరికి సరిపడా. బోర్డుకి బోర్డు తగలొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మనిషిని చేత్తో పట్టుకుంటే మాత్రం ఔట్.

వారమంతా ఆష్‌బర్న్‌లో సర్వర్లకు కాపలా కాసే త్రివేణి, శనివారం పొద్దున ఆ నీళ్ళ మీదకి వచ్చిందంటే మనిషి మారిపోతుంది. జూన్‌లో జరిగిన రేసులో ఎవడో కొత్తవాడు వెనక నుంచి వచ్చి ఆమె బోర్డుని గుద్దాడు. దభాలున పడింది. తేలేసరికి ఎదురుగా బోర్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక కంగారు మొహం.

"సారీ అండి, సారీ! దెబ్బ తాకిందా? మీ పాడిల్ అటు కొట్టుకపోతుంటే పట్టుకొచ్చిన."

త్రివేణి తెడ్డు లాక్కుని, బోర్డెక్కి, థ్యాంక్స్ కూడా చెప్పకుండా దూసుకుపోయి రెండో స్థానంలో వచ్చింది. అతను పదిహేడో స్థానంలో వచ్చాడు. పాల్గొన్నది పదిహేడు మందే.

ఒడ్డుకి రాగానే ఆమె నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది. "రేసు మధ్యలో ఎందుకాగారు?"

"మీరు పడ్డరు కదండి."

"నేను పడితే మీకు లాభం!"

"లాభమేంది? మీకు ఈత వస్తదో రాదో నాకు తెల్వదు కదా."

"ఈత రానిదాన్ని నదిలో రేసుకి వస్తానా?"

అతను ఆలోచనలో పడ్డాడు. ఆలోచిస్తూ ఒకడుగు వెనక్కి వేస్తే, గడ్డిలో పడుకోబెట్టిన ఆమె తెడ్డు మీద కాలు పడింది. వెంటనే వంగి, దాన్ని తాకి, కళ్ళకద్దుకున్నాడు.

త్రివేణికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "అది పాడిల్. పుస్తకం కాదు."

"కాలు తాకింది కదా, ఎట్ల ఊకుంట?"

"చూడండి. నీళ్ళ మీద నేనెవరికీ సారీ చెప్పను, దండాలు పెట్టను. మీరూ పెట్టకండి. ఇక్కడికొచ్చేది గెలవడానికి."

వెనక మడతకుర్చీలోంచి ధర్మారావు అంతా వింటున్నాడు. ఆయన త్రివేణి నాన్న. ఏలూరులో ముప్పై ఏళ్ళు కబడ్డీ కోచ్‌గా చేసి రిటైరై, కూతురి దగ్గర ఆరు నెలలుందామని మేలో వచ్చాడు. వస్తూ వస్తూ మెడలో విజిల్ కూడా తెచ్చుకున్నాడు. మొదటి శనివారమే ఉత్సాహం పట్టలేక దాన్ని ఊదితే, సగంమంది అదే స్టార్ట్ అనుకుని బయల్దేరిపోయారు. రేసులు నడిపే కరోల్ చాలా మర్యాదగా ఆ విజిల్‌ని నిషేధించింది. అప్పట్నుంచి అది ఆయన జేబులో ఉంటోంది.

"ఎవరమ్మాయ్ ఆ కుర్రాడు?"

"ఎవరో పక్కూరు హెర్న్‌డన్ నుంచట. వరంగల్ అబ్బాయి. ఆట రాదు."

"పట్టు లేదు, మర్యాదుంది," అన్నాడు ధర్మారావు తీర్పు చెబుతున్నట్టు. "పట్టు నేర్పొచ్చు."

నేర్పే పని కూతురికే అప్పగించాడు. బుధవారం సాయంత్రం ప్రాక్టీసుకి రమ్మని, ఆమెని అడక్కుండానే ఫణిని పిలిచేశాడు.

త్రివేణి మొదటి రోజు మండిపడింది. రెండో బుధవారం ఓర్చుకుంది. మూడో బుధవారం అతను ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఇరవైసార్లు రోడ్డు వైపు చూసింది. గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తున్నానని నాన్నతో చెప్పింది. ధర్మారావు నమ్మినట్టే తలూపాడు.

ముందు వెళ్ళేవాళ్ళ వెనకాలే అంటిపెట్టుకుని వెళ్తే నీళ్ళు తేలిగ్గా దారిస్తాయి, సగం బలం మిగులుతుంది. అది తప్పు కాదు. కానీ కాసేపయ్యాక వంతు మార్చుకుని ముందుకి రావడం పద్ధతి. ఫణి ఆ పద్ధతిలో మొదటి సగమే నేర్చుకున్నాడు.

"నెల నుంచి నా వెనకాలే తిరుగుతున్నావు. ముందుకి రావా?" అందామె ఒకరోజు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"ముందుకొస్తే నువ్వు కనబడవు కదా."

త్రివేణి తెడ్డుతో దోసెడు నీళ్ళు అతని మొహాన కొట్టింది. అలా కొడుతూ తనే తూలి పడింది. ఈసారి అతను ఆగలేదు. నవ్వుకుంటూ ముందుకి వెళ్ళిపోయాడు. ఆమెకి ఒళ్ళు మండింది, సంతోషంగా కూడా ఉంది.

ఆగస్టులో ఒకనాడు ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. ధర్మారావు కుర్చీ మడుచుకుని కార్లోకి పరిగెత్తాడు. వీళ్ళిద్దరూ ఒక బోర్డుని బోర్లించి చెరో కొసా నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. పద్నాలుగడుగుల గొడుగు కావడంతో ఇద్దరి మధ్యా బోలెడు దూరం. అవతలి కొసన ఉన్నవాడు వానలో అరిచి మాట్లాడలేక ఒక్కో అడుగే ఇటు జరిగాడు.

"ఒకటడుగుతా, కోప్పడొద్దు. మలుపుల కాడ అంత కొట్లాటెందుకు నీకు?"

త్రివేణి మొహం మీది వాననీళ్ళు తుడుచుకుంది. "క్లబ్ నుంచి ఏటా ఒక్కరినే నేషనల్స్‌కి పంపుతారు. సెప్టెంబర్ రేసులో ఫస్టొచ్చినవాళ్ళని. మొదటి ఏడు మూడో మలుపులో ఒకామె తూలుతుంటే, పాపం అని దారిచ్చాను. ఆమె ఫస్ట్, నేను సెకండ్. పోయినేడు కూడా సెకండే. ఈసారి ఎవరికీ దారివ్వను."

"నేను గెలిస్తే?"

"గెలువు. కానీ నాకోసం ఆగావో, చచ్చినా నీతో మాట్లాడను. ఒట్టెయ్."

అతను ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టేశాడు. ఆ చెయ్యి తీయడానికి అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే పట్టింది. కార్లో ధర్మారావు అద్దం తుడుచుకుని మరీ చూశాడు.

సెప్టెంబర్ రేసు రోజు ఎండ నిప్పులా ఉంది. రెండో మలుపుకే మిగతా అందరూ వెనకబడిపోయారు. ఫణి, త్రివేణి వంతులు మార్చుకుంటూ, ఒకరి వెనక ఒకరు మూడో బుడగ దగ్గరికి వచ్చారు. ఇక వంతుల్లేవు. ఇద్దరూ ఒకేసారి లోపలికి దూరారు. ఆమె దారివ్వలేదు. అతనూ ఇవ్వలేదు. రెండు బోర్డులూ ఠపీమని గుద్దుకుని ఇద్దరూ నీళ్ళలో పడ్డారు.

పడుతూ పడుతూ అతని కాలు ఆమె భుజానికి తగిలింది. ఫణి పైకి తేలాడు, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. అంతా అర సెకను పని. మరుక్షణం బోర్డెక్కి పోతున్నాడు.

"దొంగ!" అని అరుస్తూ త్రివేణి వెంటపడింది. ఆఖరి రెండొందల గజాలూ ఊపిరాడనంతగా తెడ్డు వేసింది. అర బోర్డు తేడాతో అతను గెలిచాడు.

కరోల్ మైకు తీసుకుంది. "మూడో మలుపులో ఫణికుమార్ పక్క రేసర్‌ని చేత్తో పట్టుకోవడం నా కళ్ళతో చూశాను. అతను ఔట్. విజేత త్రివేణి."

అందరూ చప్పట్లు కొట్టారు. దాచడం దేనికి, త్రివేణికి సంతోషం వేసింది. మూడేళ్ళ కల. ఒక్క మాట మాట్లాడకుండా నిలబడితే చాలు, నేషనల్స్‌కి వెళ్ళిపోవచ్చు.

ఫణి వాదించలేదు. "చెయ్యేసిన మాట నిజమే," అని బోర్డు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ వంచిన తలని చూస్తుంటే ఆమె సంతోషం నిలవలేదు. వెనక్కి తిరిగి నాన్నని చూసింది. తమ జట్టు కుర్రాడు గీత తొక్కితే ముందుగా తనే విజిల్ ఊదిన మనిషి ఆయన. ఆమెకి ఇంకేం చెప్పాల్సిన పని లేదు.

"కరోల్, అతను నన్ను పట్టుకోలేదు," అంది త్రివేణి.

"భుజం మీద చెయ్యి వేశాడుగా!"

"అది దండం. కాలు తగిలితే మావాళ్ళు అలా చేస్తారు. తాకి, కళ్ళకద్దుకుంటారు. క్షమించమని."

కరోల్ కళ్ళద్దాలు తీసి చూసింది. "రేసు మధ్యలో? నీళ్ళలో? ఫస్ట్ ప్లేస్ కోసం కొట్టుకుంటూనా? త్రివేణీ, నువ్వు మంచిదానివి. స్నేహితుడి కోసం కథలు చెప్పకు."

"కథ కాదు! అది ఆలోచించి చేసేది కాదు, దానంతటదే..." చేతులు తిప్పుతూ వివరిస్తూ త్రివేణి వెనక్కి ఒకడుగు వేసింది. ఆ అడుగు సరిగ్గా ఫణి పాదం మీద పడింది.

గిరుక్కున తిరిగి, అతని చెయ్యి తాకి, కళ్ళకద్దుకుంది. అద్దుకున్నాక మళ్ళీ కరోల్ వైపు తిరిగి, "...జరిగిపోతుంది," అని వాక్యం పూర్తిచేసింది.

తను చేసిందేమిటో త్రివేణికి అప్పుడు తెలిసింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఇది... మీరందరూ చేస్తారా?" అంది కరోల్.

ధర్మారావు కుర్చీలోంచి లేచాడు. "మేడమ్! ఆంధ్రా, తెలంగాణ, ఎవ్రీబడీ! నో పాయింట్ కటింగ్!"

కరోల్ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఫలితాల బోర్డు మీద త్రివేణి పేరు చెరిపి, ఫణికుమార్ అని రాసింది.

జనం వెళ్ళిపోయాక ఇద్దరూ రేవు చెక్కల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేలాడేశారు. త్రివేణి కాసేపు ఏడ్చింది. ఫణి ఊరుకోబెట్టలేదు, పక్కన కూర్చున్నాడు. ఆమెకి అదే నచ్చింది.

"సీటు నీకియ్యను," అన్నాడు చివరికి. "ఒట్టేసిన కదా."

"ఇస్తానని ఉంటే తన్నేదాన్ని."

"తంతే మళ్ళ దండం పెట్టాల్సొచ్చేది నీకు."

త్రివేణికి ఏడుపులోనే నవ్వొచ్చింది. నవ్వు అయిపోయాక అతను గొంతు సవరించుకున్నాడు. "నేషనల్స్ దాకా ప్రాక్టీసుకి వస్తవా? నీ వెనకాల పోవుడు అలవాటైంది. నువ్వు లేకుంటే నాకు దారి తెల్వదు."

"నేషనల్స్ దాకేనా?"

నీళ్ళలో కాళ్ళు ఆడిస్తుంటే అతని పాదం ఆమె పాదానికి తగిలింది. చెయ్యి అలవాటుగా లేచింది. ఆమె మధ్యలోనే పట్టుకుంది.

"ఇక మానెయ్ ఫణీ."

"తాకింది కదా."

"ఒకే ఇంట్లో ఉంటే రోజుకి పదిసార్లు తాకుతుంది. అన్నిసార్లూ దండం పెడుతూ కూర్చుంటావా?"

అతను చాలాసేపు ఆలోచించాడు. "ఏ ఇల్లు?"

"నీ హెర్న్‌డన్ అపార్ట్‌మెంట్ మరీ ఇరుకు. ఆష్‌బర్న్‌లో చూద్దాం."

అర్థం కావడానికి ఇంకో రెండు సెకన్లు పట్టింది. అర్థమవగానే ఫణి ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. చెక్కల అంచున కూర్చున్నామన్న సంగతి మర్చిపోయాడు. తడి చెక్క జారి, నేషనల్స్ వీరుడు బట్టలతో సహా నీళ్ళలో పడ్డాడు.

ఒడ్డు మీంచి పొడుగ్గా ఒక విజిల్ వినిపించింది.

"నాన్నా! అది ఊదకూడదన్నారుగా!"

"రేసు అయిపోయిందిగా అమ్మాయ్!" అని అరిచాడు ధర్మారావు. "మా కబడ్డీలో తాకితేనే పాయింటు. ఇద్దరికీ చెరొకటి ఇచ్చాను!"

కింద నీళ్ళలోంచి ఫణి తల పైకెత్తాడు. "నీవల్లనే పడ్డ. సారీ చెప్పవా?"

"నీళ్ళ మీద చెప్పను," అంది త్రివేణి, చెయ్యి అందిస్తూ. "ఇంటికెళ్ళాక చెప్తాను. పైకి రా."